పొత్తిగుడ్డ చెప్పిన మాట

గోదావరి కాలువ గట్టున ఒక ఊరు. ఆ ఊళ్లో ఒకే వారంలో రెండిళ్లలో ఉయ్యాల కట్టారు. పెద్దవీధిలో మేడింటికి తొలికాన్పుకని వచ్చిన కూతురు మగపిల్లాణ్ని కన్నది. కాలువ అవతల రెండెకరాలు కౌలుకు చేసుకునే కుటుంబంలో ఆడపిల్ల పుట్టింది. రెండు కాన్పులూ పట్నం ఆసుపత్రిలోనే అయ్యాయి. ఇద్దరూ నెలలు నిండి పుట్టినవాళ్లే, చక్కటి బరువున్నవాళ్లే, పుట్టిన గంటలోపే రొమ్ము పట్టినవాళ్లే.

మూడో రోజుకి ఇద్దరికీ ఒళ్లు పచ్చబడింది. ఆసుపత్రిలో చూశారు. పుట్టిన బిడ్డల్లో చాలామందికి ఇది వస్తుంది, పోతుంది, పాలు బాగా పట్టండి అని చెప్పి ఇళ్లకు పంపారు. ఆ రోజుకి అది సరైన మాటే.

ఆ ఊళ్లో పురిటి గుడ్డలు ఉతికే ముసలమ్మ ఒకావిడ ఉంది. ఇళ్లల్లోకి మిషన్లు వచ్చాక ఆవిడ మూట చిక్కిపోయింది. చీరలు, చొక్కాలు, దుప్పట్లు ఎవరింట్లో వాళ్లే వేసుకుంటున్నారు. పురిటి గుడ్డలు మాత్రం ఎవరూ తమ మిషన్లో వెయ్యరు. అవి ఆవిడకే వస్తాయి. పొద్దున్నే దొడ్డి గుమ్మం పక్కన మూట పెట్టి ఉంటుంది. ఆవిడ ఎత్తుకుపోయి, రేవులో ఉతికి, ఆరేసి, మడతపెట్టి, సాయంత్రానికి తెచ్చి అదే మూలన పెడుతుంది. నలభై ఏళ్లుగా ఆ ఊళ్లో పుట్టిన బిడ్డలందరి పొత్తిగుడ్డలూ ఆవిడ చేతుల మీదుగా వెళ్లాయి. ఆ బిడ్డల ముఖాలు మాత్రం ఆవిడ చూసింది తక్కువ. పురిటిగదిలోకి ఆవిడను ఎవరు రానిచ్చారు గనక!

రెండు వారాలు దాటినా కౌలు ఇంటి పిల్లకు కళ్లలో పసుపు పోలేదు. ఊరి చివర కామెర్లకు పసరు ఇచ్చే పెద్దాయన దగ్గరికి ఎత్తుకెళ్లారు. మంచివాడు. పైసా పుచ్చుకోడు. తండ్రి చేసిన పనిని ధర్మంగా చేస్తున్నాననుకునే మనిషి. బిడ్డను ఒళ్లో వేసుకుని నాలిక మీద రెండు చుక్కలు వేశాడు. మూడు పొద్దులు అలా వేశాడు. మరో పది రోజులకు పిల్ల కళ్లు తేటపడ్డాయి. పసరు వల్లే తగ్గిందా, దానంతట అదే తగ్గేదా అని ఎవరూ అడగలేదు. జబ్బు వచ్చింది, మందు వేశారు, తగ్గింది. ఊరికి అంతే కావాలి. ఆ కబురు వీధి వీధీ తిరిగి పెద్దవీధికీ వచ్చింది.

మేడింటి పిల్లాడికి తగ్గలేదు. ఇరవై ఒకటో రోజు బారసాల. అత్తింటివాళ్లు వస్తున్నారు. అమ్మమ్మకు అదే బెంగ. పురిట్లో బిడ్డను సరిగ్గా చూడలేదన్న మాట వియ్యపురాలి నోట వస్తుందేమోనని, ఆ ఉదయం సున్నిపిండిలో పసుపు కాస్త ఎక్కువే కలిపి ఒళ్లంతా నలుగు పెట్టించింది. ఎవరైనా అడిగితే నలుగు రంగని చెప్పొచ్చు. ఎవరూ అడగలేదు. బిడ్డ ఒళ్లు చేస్తున్నాడు, ఆకలేస్తే ఇల్లెగిరిపోయేలా ఏడుస్తున్నాడు, పాలు తాగి నిద్రపోతున్నాడు. వచ్చినవాళ్లంతా ముక్కు తాతదన్నారు, నుదురు మేనమామదన్నారు. గుడ్డలు దొడ్డి మూలన మూటలో ఉన్నాయి.

రేవులో ముసలమ్మకు మూడో వారం నుంచే తేడా కనబడుతోంది. పాలు తాగే బిడ్డ గుడ్డ ఎలా ఉంటుందో ఆవిడకు తెలుసు. దొడ్డికి పోయిన మరక పచ్చగా అంటుకుని ఒక పట్టాన వదలదు. నాలుగు బాదులు బాది ఎండలో వేసినా నీడలాగా మిగులుతుంది. ఉచ్చ తడి మాత్రం నీళ్లలో ముంచగానే పోతుంది, దానికి రంగే ఉండదు. మేడింటి మూటలో ఇది తారుమారైంది. దొడ్డికి పోయిన చోట సుద్ద పూసినట్టు తెల్లగా ఉంటోంది, నీళ్లు తగలగానే పోతోంది. ఉచ్చ తడిసిన చోట పసుపు మరక పడి, ఎంత ఉతికినా వదలడం లేదు.

ఇలాంటి గుడ్డలు ఆవిడ అంతకుముందు ఒక్కసారే చూసింది. చాలా ఏళ్ల కిందట, ఇదే వీధిలో, వేరే ఇంట్లో. అప్పుడు ఆవిడకు వయసు చిన్నది, నోరు ఇంకా చిన్నది. పెద్దింటి బిడ్డ గుడ్డ గురించి నేనేం మాట్లాడతానని ఊరుకుంది. ఆ బిడ్డ పొట్ట ఉబ్బి, కాళ్లూ చేతులూ పుల్లలై, రెండో పుట్టినరోజు రాకుండానే పోయింది. ఆ ఇంటివాళ్లు దిష్టి అనుకున్నారు. ఈవిడ మాత్రం ఆ తెల్ల గుడ్డల్ని మరిచిపోలేదు.

అందుకని ఈసారి సాయంత్రం మూట దించి, వెంటనే వెళ్లిపోకుండా నిలబడింది.

"అమ్మగారూ, బాబుగారి గుడ్డలు తెల్లగా ఉంటన్నాయండి. పచ్చ మరకే పడటం లేదు. ఉచ్చ మరకేమో వదలడం లేదు. ఓపాలి పెద్దాసుపత్రిలో చూపించండమ్మా."

అమ్మమ్మ గుమ్మంలోంచే జవాబిచ్చింది. "పాలు తెల్లగా ఉంటాయా, పచ్చగా ఉంటాయా? పాలు తప్ప ఇంకేం తాగని బిడ్డ తెల్లగా పోక ఎలా పోతాడే? పిల్లాడు నిక్షేపంలా ఉన్నాడు. నువ్వు దిష్టి పెట్టకు."

ముసలమ్మ తలవంచుకుని వెళ్లింది.

అయితే అమ్మమ్మకూ లోపల గుచ్చుకుంటూనే ఉంది. నెల నిండాక బిడ్డను దగ్గర్లోని క్లినిక్‌కు తీసుకెళ్లారు. వాకిలి నిండా జనం. డాక్టరు కనురెప్పలు విప్పి చూశాడు, బరువు చూశాడు, పాలు బాగా తాగుతున్నాడా అని అడిగాడు. తల్లిపాల వల్ల కొందరికి పచ్చదనం ఇన్నాళ్లుంటుంది, పొద్దుటెండలో పెట్టండి అన్నాడు. గుడ్డ సంగతి ఆయన అడగలేదు, వీళ్లు చెప్పలేదు. ఇంటికి వచ్చి ఎండా పెట్టారు, పసరూ వేయించారు. కౌలువాళ్ల పిల్లకు తగ్గింది కదా, వీడికీ తగ్గుతుంది. మూడో నెలలో అత్తారింటికి పంపేసరికి తేరుకుంటాడని అమ్మమ్మ తనకు తానే గడువు పెట్టుకుంది.

ఆ మూడో నెలే బిడ్డకు ప్రమాదమని ఆవిడకు చెప్పినవాళ్లు లేరు.

42వ రోజు వచ్చింది. బుధవారం, టీకాల రోజు. అంగన్‌వాడీ అరుగు మీద తల్లులు కూర్చున్నారు. ఒక పక్క మేడింటి అమ్మాయి, ఇంకో పక్క కౌలు ఇంటి అమ్మాయి, ఇద్దరి ఒళ్లోనూ ఆరు వారాల బిడ్డలు. ఏఎన్‌ఎం పెట్టె తెరిచి టీకాలు సర్దుకుంటోంది. అప్పుడు వచ్చింది ముసలమ్మ. ఆ పొద్దున రెండిళ్ల మూటల్లోంచీ ఒక్కో గుడ్డ ఉతక్కుండా తీసి పక్కన పెట్టుకుంది. ఆ రెంటినీ అరుగు మీద పక్కపక్కన పరిచింది.

అమ్మమ్మ లేచి నిలబడింది. "ఏమిటే ఈ రోత? నలుగురిలో పరువు తియ్యడానికా?"

"రోతేనండి అమ్మగారూ. నేను రోజూ చేసే పనే. చిన్నమ్మగారూ, మీరు చూడండి. ఇది ఆ పాప గుడ్డ. ఇది మన బాబుది."

మేడింటి అమ్మాయి చూసింది. బిడ్డ గుడ్డలు ఆవిడ రోజూ మారుస్తూనే ఉంది. తొలి బిడ్డ కదా, మరో బిడ్డ గుడ్డ ఎలా ఉంటుందో ఆవిడ ఎరగదు. పసిబిడ్డలంతా ఇలాగే పోతారనుకుంది. ఇప్పుడు రెండూ ఒకచోట చూసేసరికి ఇంకొకరు చెప్పాల్సిన పని లేకపోయింది. ఒకటి పసుపు, ఒకటి సుద్ద.

ఏఎన్‌ఎం చిన్న వయసు పిల్ల. ఆవిడకు ఈ జబ్బు పేరు తెలియదు. శిక్షణలో విన్న ఒక మాట మాత్రం గుర్తుంది: రెండు వారాలు దాటిన కామెర్లు, తెల్లటి మలం, రెండూ కలిస్తే ఆ రోజే పైకి పంపాలి. బిడ్డ కళ్లు చూసింది, గుడ్డ చూసింది, ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాక్టరుకు ఫోన్ చేసింది. ఫోన్ పెట్టేసి, "పట్నంలో పిల్లల డాక్టరు దగ్గరికి ఇవాళే వెళ్లాలండీ. ఈ గుడ్డ కూడా తీసుకెళ్లమన్నారు" అంది.

"రేపు అమావాస్య. శుక్రవారం చూద్దాం" అంది అమ్మమ్మ.

"అమ్మా, ఆటో పిలిపించు" అంది కూతురు. ఆ ఇంట్లో అప్పటిదాకా ఆ పిల్ల గొంతు అంత గట్టిగా ఎవరూ వినలేదు.

పట్నంలో పిల్లల డాక్టరమ్మ ముందు కవరు విప్పించి గుడ్డ చూసింది. తర్వాత బిడ్డను బల్ల మీద పడుకోబెట్టి కుడి డొక్క కింద వేళ్లతో నొక్కింది. కాలేయం పెరిగి గట్టిగా తగిలింది. ముందు విటమిన్ కె ఇంజెక్షన్ చేసి, తర్వాత రక్తం తీయించింది. రిపోర్టు రాగానే తల్లిని కూర్చోబెట్టి చెప్పింది.

"చూడమ్మా, మీది కాలువ ఊరు కదా. పంట కాలువ నోరు పూడిపోతే ఏమవుతుంది? నీళ్లు చేలోకి వెళ్లవు, వెనక్కి ఎగదన్ని గట్లు తెగ్గొడతాయి. మీ బాబు కాలేయంలోంచి పైత్యరసం పేగులోకి దిగే దారి పూడిపోయినట్టుంది. రసం పేగులోకి రాక మలం తెల్లగా ఉంది, వెనక్కి తన్ని కాలేయాన్ని పాడుచేస్తోంది. ఈ కామెర్లు ఎండకు తగ్గవు, లైటుకు తగ్గవు, పసరుకు తగ్గవు. ఇంకో దారి తవ్వాలి. పద్దెనిమిది రోజుల్లో 60వ రోజు వస్తుంది. అంతకంటే ముందే తవ్వాలి."

"నేను తిన్నదేమైనా పడలేదా అండీ?" అని అడిగింది ఆ తల్లి. "పథ్యం తప్పానని అందరూ..."

"నువ్వు తిన్నదాని వల్ల కాదు, చేసినదాని వల్ల కాదు, గ్రహణం వల్ల కాదు. ఆ మాట ఇంకెవరన్నా అంటే నా దగ్గరికి పంపు."

పెద్ద నగరంలో పిల్లల సర్జన్ దగ్గరికి వెళ్లారు. పరగడుపున స్కానింగు చేశారు. మరికొన్ని పరీక్షలు చేశారు. 53వ రోజున ఆపరేషన్ చేశారు. పొట్ట తెరిచి, రంగుమందు ఎక్కించి చూస్తే దారి మూసుకుపోయిన మాట నిజమేనని తేలింది. పేగులోంచి ఒక ముక్కను మలిచి కాలేయం గుమ్మానికి కుట్టారు.

వారం పైన రెండు రోజులకు గుడ్డ మీద మొదటిసారి ఆకుపచ్చ మరక పడింది. తల్లి ఆ గుడ్డను మంచం పక్కన పెట్టుకుని, రౌండ్సుకు వచ్చిన డాక్టర్లందరికీ చూపించింది. కళ్లలో పసుపు పోవడానికి మూడు నెలలు పట్టింది.

ఊరికి వచ్చాక అమ్మమ్మ పట్టుచీర, పళ్లు పళ్లెంలో పెట్టుకుని ముసలమ్మ గుడిసెకు వెళ్లింది. ఆ గుమ్మం ఆవిడ తొక్కడం అదే మొదలు. ముసలమ్మ పళ్లు తీసుకుంది.

"చీర వద్దండమ్మా. ఒక్క మాట వినండి చాలు. ఇకమీదట ఏ ఇంట్లో పురుడొచ్చినా, మూట కట్టేముందు గుడ్డ ఓసారి విప్పి చూడమని చెప్పండి. నేను చెబితే వినరు. మీరు చెబితే వింటారు."

పసరు ఇచ్చే పెద్దాయనకూ సంగతి తెలిసింది. రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదట. ఆ తర్వాత ఆయన దగ్గరికి పసిబిడ్డను తెచ్చినవాళ్లను ముందు గుడ్డ చూపించమనేవాడు. గుడ్డ తెల్లగా ఉంటే చుక్క కూడా వెయ్యకుండా ఆసుపత్రికి పంపేవాడు. గుడ్డ పచ్చగా ఉంటే, దానంతట అదే పోతుంది, పాలు పట్టండి, అయినా ఒకసారి డాక్టరుకు చూపించుకోండి అనేవాడు.

నీతి: పసిబిడ్డ కామెర్లకు ముఖం చూసి తీర్పు చెప్పకూడదు, గుడ్డ చూడాలి. ఆ గుడ్డను రోజూ చూసే మనిషి ఎవరైనా సరే, ఆ మనిషి మాట వినాలి.

కథలో ఊరు, మనుషులు కల్పన. జబ్బు కల్పన కాదు. దాని పేరు బైలియరీ అట్రీషియా. పుట్టిన తొలి వారాల్లోనే కాలేయం బయటి పైత్యరస నాళాలు వాచి, గట్టిపడి మూసుకుపోతాయి. మలానికి పసుపు, ఆకుపచ్చ, గోధుమ రంగులనిచ్చేది ఆ రసమే. తల్లి తాగించే పాల రంగుకూ దీనికీ సంబంధం లేదు. రసం పేగులోకి రాకపోతే మలం సుద్ద రంగుకు, బూడిద రంగుకు, పాలిపోయిన లేత పసుపుకు తిరుగుతుంది. రక్తంలోకి ఎక్కిన ఆ రంగు మూత్రంలో దిగి గుడ్డకు పసుపు మరక వేస్తుంది. అప్పుడే పుట్టిన బిడ్డ మూత్రానికి రంగు దాదాపు ఉండకూడదు. ముసలమ్మ రేవులో చూసిన తారుమారుకు కారణం ఇదే.

పాశ్చాత్య దేశాల్లో సుమారు 15 నుంచి 20 వేల మందిలో ఒక బిడ్డకు ఇది వస్తుంది. తైవాన్‌లో ఐదారు వేల మందిలో ఒకరికి వస్తుంది. అంటే అరుదైనదే. మామూలు కామెర్లు మాత్రం సగానికి పైగా బిడ్డలకు వస్తాయి, చాలామందికి రెండు వారాల్లో పోతాయి. తల్లిపాల కామెర్లయితే రెండు మూడు నెలలు కూడా ఉండొచ్చు, కానీ ఆ బిడ్డ మలం పచ్చగానే ఉంటుంది. అంత పెద్ద గుంపులో ఈ ఒక్క బిడ్డ దాక్కుంటాడు. పైగా మొదటి రెండు నెలలూ వాడు ముద్దొచ్చేలా ఉంటాడు. నన్ను ఎక్కువ బాధపెట్టేది అదే. జబ్బు ముదిరాక, పొట్ట ఉబ్బాక, అందరూ పరుగెత్తుతారు. పరుగెత్తవలసిన రోజుల్లో బిడ్డ బొద్దుగా నవ్వుతూ ఉంటాడు.

పసరు మందుకు పేరు ఎలా వస్తుందో కథలో చూశారు. తగ్గే కామెర్లు తగ్గుతాయి, పేరు పసరుకు వస్తుంది. తగ్గని బిడ్డ మూడో నెలలో ఆసుపత్రికి చేరతాడు, చెడ్డపేరు ఆసుపత్రికి వస్తుంది. పసరు వేసేవాళ్లందరూ మోసగాళ్లని నేను అనను. కానీ పసిబిడ్డ కాలేయం ఏ ఆకుల రసాన్నీ తట్టుకునేంత గట్టిది కాదు. గొంతులో పోసింది ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణం మీదికొస్తుంది. కామెర్లని ముంజేతి మీద కాల్చి వాతలు పెట్టడం ఇంకా కొన్నిచోట్ల ఉంది. అది బిడ్డను హింసించడం, వైద్యం కాదు. అన్నిటికన్నా పెద్ద నష్టం రోజులు పోవడం.

ఎందుకంటే ఈ జబ్బులో లెక్కంతా రోజుల్లోనే ఉంది. జపాన్‌లో సెండాయ్ నగరంలోని తొహోకు విశ్వవిద్యాలయం సర్జన్ మోరియో కసాయ్ 1950లలో ఈ ఆపరేషన్ కనిపెట్టి, 1959లో దాని గురించి ప్రచురించాడు. అంతకుముందు ఇలాంటి బిడ్డల్లో చాలామందికి చేయగలిగింది ఏమీ ఉండేది కాదు. మూసుకుపోయిన నాళాలను తీసేసి, చిన్నపేగు ముక్కను నేరుగా కాలేయం ద్వారానికి కలుపుతారు. బిడ్డకు 60 రోజులు నిండేలోపు, అనుభవమున్న చోట చేస్తే సగానికి పైగా బిడ్డల్లో రసం పారుతుందని ఆశించవచ్చు. 90 రోజులు దాటితే ఆ ఆశ బాగా పడిపోతుంది, ఈలోపు కాలేయం గట్టిపడిపోతుంది. ఏమీ చేయకపోతే ఎక్కువమంది బిడ్డలు రెండేళ్లు దాటరు.

ఆపరేషన్‌తో అంతా అయిపోయిందని చెప్పడం అబద్ధమవుతుంది. పైత్యరసం సరిగ్గా అందని పేగు కొవ్వును, కొవ్వులో కరిగే ఎ, డి, ఇ, కె విటమిన్లను పీల్చుకోలేదు. వాటిని విడిగా, ఎక్కువ మోతాదులో ఇవ్వాలి. డాక్టరమ్మ ముందుగా విటమిన్ కె ఇంజెక్షన్ చేసింది ఊరికే కాదు. అది తక్కువైతే రక్తం గడ్డకట్టదు, ఈ బిడ్డలకు మెదడులో రక్తస్రావమయ్యే ప్రమాదం ఉంది. బొడ్డు దగ్గరో, ముక్కులోనో, టీకా వేసిన చోటో రక్తం ఆగకుండా కారితే అది అత్యవసరం. ఆపరేషన్ అయిన బిడ్డకు జ్వరం వచ్చినా, మలం మళ్లీ తెల్లబడినా, ఇంట్లో సిరప్పు పోసి కూర్చోకూడదు. కొత్తగా కట్టిన దారిలో ఇన్‌ఫెక్షన్ చేరి ఉండొచ్చు, ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి. అన్నీ బాగా జరిగినా చాలామందికి ఎప్పటికో అప్పటికి కాలేయ మార్పిడి అవసరమవుతుంది. తల్లి గానీ తండ్రి గానీ తన కాలేయంలో ఎడమవైపు చిన్న భాగం ఇస్తే చాలు. ఇచ్చినవాళ్లలో కాలేయం మళ్లీ పెరుగుతుంది. మన దేశంలో మొదట విజయవంతమైన పిల్లల కాలేయ మార్పిడి 1998లో ఢిల్లీలో జరిగింది. ఆ బిడ్డకు రెండేళ్లు నిండలేదు, జబ్బు ఇదే, కాలేయం ఇచ్చింది తండ్రి. ఆ బిడ్డ పెరిగి పెద్దవాడై డాక్టరయ్యాడు. అందుకని ఆలస్యమైపోయిందన్న తల్లిదండ్రులకు కూడా, ఆశ వదులుకోవద్దని చెప్పాలి.

తెల్లటి మలం ఉన్న ప్రతి బిడ్డకూ ఈ జబ్బే ఉండదు. పైత్యనాళంలో తిత్తి ఉండొచ్చు, గర్భంలో సోకిన ఇన్‌ఫెక్షన్ ఉండొచ్చు, పాలలోని చక్కెర పడని గెలాక్టోసీమియా ఉండొచ్చు. తేల్చడం డాక్టర్ల పని. ఇంట్లోవాళ్లకు అవన్నీ తెలియనక్కర్లేదు, ఏదైనా సరే ఆగకూడదన్న సంగతి తెలిస్తే చాలు. ఆసుపత్రిలో మొదట చేయవలసింది కూడా చిన్న రక్తపరీక్షే. కామెర్లకు పసుపు రంగునిచ్చే బిలిరుబిన్ మొత్తం ఎంతుందని చూసి సరిపెట్టకుండా, అందులో డైరెక్ట్ బిలిరుబిన్ ఎంతో విడదీసి చూడాలి. డైరెక్ట్ డెసిలీటరుకు ఒక మిల్లీగ్రాము దాటితే అది మామూలు కామెర్లు కాదు, ఎండతో తగ్గేదీ కాదు.

తైవాన్ ఈ సంగతిని బాగా పట్టుకుంది. 2004 నుంచి దేశమంతటా ప్రతి పసిబిడ్డ ఆరోగ్య పుస్తకంలో మలం రంగుల కార్డు పెట్టింది. తల్లి గుడ్డను కార్డు పక్కన పెట్టి చూసుకుంటుంది, రంగు అనుమానంగా ఉంటే ఫోన్ చేస్తుంది. ఆ తర్వాత 60 రోజుల్లోపు ఆపరేషన్‌కు చేరే బిడ్డలు పెరిగారు. జపాన్ 2012లో తల్లీబిడ్డల పుస్తకంలో అలాంటి కార్డునే చేర్చింది. పెద్ద యంత్రం కాదు, ఖరీదైన మందు కాదు, రంగులు అచ్చువేసిన కాగితం. ముసలమ్మ అరుగు మీద పరిచిన రెండు గుడ్డలు చేసిన పనే అదీ చేస్తుంది. తెలుగునాట ప్రతి తల్లి చేతిలోని తల్లీబిడ్డల కార్డులోనూ ఆ రంగుల పట్టీ ఉండాలని నేను గట్టిగా కోరుకుంటున్నాను. చూసే మనిషి మన దగ్గర ఎలాగూ ఉంది. ఆసుపత్రిలో కాన్పు అయిన బిడ్డ ఇంటికి ఆశా కార్యకర్త 3, 7, 14, 21, 28, 42 రోజుల్లో వెళ్లాలన్నది నియమం. 14వ రోజున ఆవిడ అడగవలసిన ప్రశ్నలు రెండే: కళ్లు ఇంకా పచ్చగా ఉన్నాయా, గుడ్డ ఏ రంగులో ఉంది? 42వ రోజు టీకాకు ఎలాగూ బిడ్డ వస్తాడు, అప్పుడు ఇంకోసారి అడగాలి. అది చివరి సురక్షితమైన గడప.

ఇప్పుడు గుడ్డల చోట డైపర్లు వచ్చాయి. చుట్టచుట్టి చెత్తబుట్టలో వేస్తాం, చూడం. పట్నంలో పనమ్మాయి మారుస్తుంది, అమెరికాలో డేకేర్ ఆయా మారుస్తుంది. తల్లికి కనబడే అవకాశం ఇంకా తగ్గింది. మార్చే మనిషిని రోజుకొకసారి అడగడంలో తప్పేం లేదు. బాలింతను పథ్యం గురించి వంద ప్రశ్నలు వేసే పెద్దలు ఈ ఒక్క ప్రశ్నా వెయ్యాలి, ఆవిడ చెప్పింది నమ్మాలి.

మీ ఇంట్లోనో, పక్కింట్లోనో పసిబిడ్డ ఉంటే ఇది చేయండి. బిడ్డకు 14 రోజులు నిండినా కళ్లు పచ్చగా ఉంటే, లేదా ఏ రోజైనా మలం తెల్లగా కనబడితే, పగటి వెలుతురులో ఫోటో తీయండి. ఆ గుడ్డను గానీ డైపర్‌ను గానీ కవర్లో పెట్టుకుని ఆ రోజే పిల్లల డాక్టరు దగ్గరికి వెళ్లండి. అడగడానికి మొహమాటపడకండి, "డైరెక్ట్ బిలిరుబిన్ చూడండి డాక్టరుగారూ" అనండి. పంచాంగం చూడవద్దు, బారసాల కోసం ఆగవద్దు.